మూలుగ వేరు, వెన్నుపాము వేరు

మూలుగ ఇస్తే వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోతాయని చాలామంది భయం. పోయిన వారం కూడా ఒకావిడ అదే అడిగింది. "మూలుగ వెన్నులోంచి తీస్తారంట గదమ్మా, మా పెద్దోడు మళ్లీ లేచి నడుస్తాడా?" చిన్నకొడుక్కి లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. పెద్దకొడుకు హెచ్ఎల్ఏ (ఒంటి కణాల మీది గుర్తులు, దాతవీ రోగివీ కలవాలి) పూర్తిగా కలిసింది. నెల్లూరు నుంచి పొద్దున బండికి వచ్చారు. చెన్నైలో మూలకణాల (మూలుగలో ఉండి రక్తాన్ని పుట్టించే కణాల) మార్పిడి మీద పనిచేస్తున్న ఇన్నేళ్లలో మనవాళ్ల నోట ఈ మాట వినని నెల లేదు.

ఆవిణ్ణి తప్పుపట్టను. లుకేమియా పిల్లలకు నడుం దగ్గర వెన్నులో సూది గుచ్చి నీరు తీస్తారు, అక్కడే మందూ ఎక్కిస్తారు. మూలుగ పరీక్షకూ పక్కకు తిప్పి పడుకోబెట్టి వెనకనుంచే సూది వేస్తారు. తలుపు దగ్గర నిలబడి చూసే తల్లికి రెండూ ఒకటే. కానీ ఆ మాట ఊరు చేరేసరికి "మూలుగ ఇచ్చి ఫలానావాడు మంచాన పడ్డాడు" అయిపోతుంది. ఆ ఫలానావాడెవరో చూపించమంటే ఇంతవరకు ఒక్కరూ చూపించలేదు.

మాంసం కొట్లో మూలుగ ఎముక అడిగి వేయించుకునే మనకు మూలుగంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఎముక లోపలి మెత్తటి గుజ్జు, రక్తం తయారయ్యే చోటు. వెన్నుపాము నరాల కట్ట. పెద్దవాళ్లలో అది నడుం పూసల్లో ఒకటి, రెండో పూస దగ్గరే ఆగిపోతుంది. మూలుగ తీసేది ఇంకా కిందనుంచి, కటి ఎముక వెనక అంచునుంచి. అక్కడ వెన్నుపాము లేనే లేదు. మత్తిచ్చి తీస్తారు. కొన్ని రోజులు నడుం సలుపుతుంది. తీసినంతా కొన్ని వారాల్లో మళ్లీ తయారవుతుంది.

ఇప్పుడు చాలామంది దాతలకు అదీ అక్కర్లేదు. నాలుగైదు రోజులు మూలకణాలను మూలుగలోంచి రక్తంలోకి తెచ్చే జి-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు, తర్వాత ప్లేట్‌లెట్లు ఇచ్చినట్టే కొన్ని గంటలు, ఆ కణాలను రక్తంలోంచి వేరుచేసే మెషీన్ పక్కన పడుకోవడం. ఒళ్లునొప్పులు, తలనొప్పి వస్తాయి, పారాసిటమాల్‌కు తగ్గుతాయి. ప్రమాదం బొత్తిగా లేదని అబద్ధం చెప్పను. అరుదుగా ఇబ్బందులు రావచ్చు. అందుకే ముందు దాతను అన్నివిధాలా పరీక్షిస్తాం, తేడా ఉంటే మేమే వద్దంటాం.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఒక ఇంటర్ అమ్మాయి ఉండేది. అప్లాస్టిక్ అనీమియా, అంటే మూలుగ రక్తం తయారుచేయడం మానేసే జబ్బు. వాళ్లన్న హెచ్ఎల్ఏ పూర్తిగా కలిసింది, వాడు సిద్ధం. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "ఒక్కగానొక్క మగపిల్లాడు, రేపు వాడికి పిల్లనెవరిస్తారు?" ఆలోచించుకుని వస్తామని వెళ్లి మూడు నెలలకు వచ్చారు. ఈలోపు ఎన్నిసార్లో రక్తం ఎక్కించారు. అలా ఎక్కించేకొద్దీ కొత్త మూలుగను ఒళ్లు తిప్పికొట్టే ముప్పు పెరుగుతుంది. దానికితోడు ఊపిరితిత్తుల్లో ఫంగస్. మార్పిడి దాకా రానేలేదు ఆ పిల్ల. "మొదటిరోజే తీసేసుకోమని నేనెందుకు గట్టిగా అనలేదు మేడమ్" అంటూ వాళ్లన్న నా గది బయట గోడకానుకుని ఏడ్చాడు. వాడి తప్పేముంది?

తలసీమియాలోనూ (పుట్టుకతో వచ్చే రక్తలోపం, తరచూ రక్తం ఎక్కించాలి) ఆలస్యం ఇలాగే దెబ్బ తీస్తుంది. ఒక్కో సంచీ రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము లోపలికి వెళుతుంది. ఒళ్లు తనంతట తాను బయటికి పంపేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగిలింది కాలేయంలో, గుండెలో చేరుతుంది. కాలేయం దెబ్బతిన్నాక చేసే మార్పిడిలో గండాలు ఎక్కువ.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బ్లడ్ గ్రూపు కలవాల్సిన పనిలేదు, కలవాల్సింది హెచ్ఎల్ఏ. మార్పిడయ్యాక కొన్ని నెలల్లో రోగి గ్రూపే దాత గ్రూపుగా మారుతుంది. తోబుట్టువుల్లో ఒక్కొక్కరు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఎవరూ కలవకపోతే దారి మూసుకుపోదు, సగం కలిసే అమ్మానాన్నలతోనూ ఇప్పుడు చేస్తున్నాం. బొడ్డుతాడు రక్తం దాస్తే బిడ్డకు బీమా అని డబ్బు కట్టకండి. తలసీమియా బిడ్డ బొడ్డుతాడు రక్తంలోనూ అదే లోపం ఉంటుంది. మోకాళ్లకు, షుగరుకు, ఆటిజానికి స్టెమ్‌సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లు అమ్మేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లొద్దు. 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం వాటిని చికిత్సగా అమ్మకూడదు.

ఆ నెల్లూరావిడకు ఇదంతా చెప్పాను. అయినా కళ్లలో బెదురు పోలేదు. నిరుడు చెల్లెలికి మూలుగ ఇచ్చిన తాపీమేస్త్రి ఒకతను ఉన్నాడు, భయపడేవాళ్లెవరైనా ఉంటే నాతో మాట్లాడించండని తనే చెప్పి వెళ్లాడు. అతనికి ఫోన్ కలిపిచ్చాను. "మూడోవారం పరంజా ఎక్కానమ్మా" అన్నాడు. ఆవిడ చాలాసేపు ఏవేవో అడిగింది. పెద్దబ్బాయికి సోమవారం నుంచి ఇంజెక్షన్లు మొదలు.