టీకాపై నింద, దాణాలో విషం

షాద్‌నగర్, భువనగిరి చుట్టుపక్కల కోళ్ల షెడ్ల దగ్గర తరచూ వినబడే మాట: "లాసోటా వేసినం, గంబోరో వేసినం, అయినా తెగులొచ్చింది." లాసోటా కొక్కెర తెగులుకు, గంబోరో అదే పేరున్న జబ్బుకు వేసే టీకాలు. నింద టీకా మీద పడుతుంది, లేదా దాన్ని ఐసు పెట్టెలో తేలేదని తెచ్చినవాళ్ల మీద. కొన్నిసార్లు అది నిజమే. దాణా వైపు, అందులో చేరే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం వైపు ఎవరూ చూడరు.

ఈ విషం మొదట బయటపడింది కోళ్లలో కాదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ పక్షుల పిల్లలు అంతుచిక్కకుండా చచ్చిపోయాయి. 'టర్కీ ఎక్స్' జబ్బన్నారు. ఆరా తీస్తే బ్రెజిల్ నుంచి తెప్పించిన పల్లిచెక్క దగ్గర తేలింది. దాని మీద పెరిగిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ బూజు వదిలే విషమే ఈ అఫ్లాటాక్సిన్. పల్లీ, మక్కజొన్నా రెండూ పండే పాలమూరుకు ఇదేం పరాయి కథ కాదు. కోతకు ముందు బెట్ట, కోత తర్వాత తడి, రెండూ ఈ బూజుకు కలిసొచ్చేవే. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పల్లిలో ఈ విషం మీద ఏళ్లుగా పనిచేస్తున్నదీ అందుకే.

టర్కీలు, బాతుపిల్లలు చచ్చినంత తేలిగ్గా కోడి చావదు. చిక్కంతా అక్కడే. విషం లోపల చేసే పని ఆలస్యంగా తెలిసింది. 1970లలో జరిగిన ప్రయోగాల్లో ఈ దాణా తిన్న కోళ్లకు బర్సా, థైమస్ కుంచించుకుపోయాయి, యాంటీబాడీలు తగ్గాయి. రోగాల్ని ఎదిరించే కణాలు ఎదిగే అవయవాలివి: యాంటీబాడీలు చేసే బి కణాలు బర్సాలో, టి కణాలు థైమస్‌లో. కాలేయం ఈ విషాన్ని వదిలించుకోబోయి ఇంకా చురుకైన రూపంలోకి మారుస్తుంది. అది డీఎన్‌ఏకు అంటుకున్నాక కణంలో ప్రొటీన్ల తయారీ దెబ్బతింటుంది. యాంటీబాడీ కూడా ప్రొటీనే కదా! క్రిముల్ని మింగే మాక్రోఫేజ్‌లూ మందగిస్తాయి. అప్పుడు టీకా ఎంత మంచిదైనా అందుకునే కణాలు సరిపడా ఉండవు.

దాణాను ఆవిరి పట్టి గుళికలు చేస్తే బూజు చస్తుంది, విషం పోదు. విషాన్ని పట్టి ఉంచేందుకు దాణాలో కలిపే బంకమట్టి రకం టాక్సిన్ బైండర్లు అఫ్లాటాక్సిన్‌ను బాగానే పట్టుకుంటాయి గానీ టీ-2 లాంటి వేరే బూజు విషాల్ని అంతగా పట్టవు. సంచి మీద 'అన్ని విషాలకూ' అని రాసి ఉంటే అనుమానించడమే మేలు.

కంపెనీతో ఒప్పందం మీద కోళ్లు పెంచే ఇంటిగ్రేషన్‌లో కోడిపిల్లలూ దాణా కంపెనీవి, షెడ్డూ చాకిరీ రైతువి. దాణా పరీక్ష అతని చేతిలో లేదు, బ్యాచ్ దెబ్బతింటే కంపెనీ ఇచ్చే పెంపకం కూలిలో (గ్రోయింగ్ చార్జీలు) కోత మాత్రం అతనికే. సొంతంగా దాణా ఆడించుకునే లేయర్ (గుడ్ల కోళ్ల) రైతులు 14 శాతం తేమ దాటిన మక్కల్ని వెనక్కి పంపగలరు. కాకపోతే కొత్త మక్కలు చవగ్గా దొరికే రోజులూ, వాటిలో తేమ ఎక్కువుండే రోజులూ ఒకటే.