డియెగోకు యాకోబుతో చుట్టరికం ఉందా?

జులై 25న స్పెయిన్ తన పాలక పునీతుడు శాంటియాగో పండుగ చేసుకుంటుంది. దానితోపాటే ఓ పాత పేచీ లేస్తుంది: డియెగో పేరున్నవాళ్లకు కూడా ఇది తమ పేరున్న పునీతుడి పండుగేనా?

శాంటియాగో అంటే యేసు శిష్యుడు, జెబెదయి కుమారుడు యాకోబు. ఇందులో ఎవరికీ తగాదా లేదు. లాటిన్‌ 'సాంక్టుస్ యాకోబస్' జనం నోట 'శాంట్ యాగో' అయింది. దాన్ని 'శాన్ టియాగో' అని తప్పుగా విరవడంతో పోర్చుగీసువారికి టియాగో అనే కొత్త పేరు దొరికింది. అదే వరసలో ట కాస్తా డ అయి డియెగో పుట్టిందని చాలా పేర్ల పుస్తకాలు రాస్తాయి. వినడానికి ముచ్చటగానే ఉంది.

ఈ ముచ్చట కంపోస్టెలాలోనే చెడుతుంది. యాకోబు సమాధి ఉందని యాత్రికులు నడిచివెళ్లే ఊరు అది. 1120లో అక్కడ మొదటి ఆర్చిబిషప్ అయినవాడు డియెగో హెల్మీరెస్. ఆయన స్వయంగా రాయించుకున్న లాటిన్ చరిత్రలో పునీతుడి పేరు యాకోబస్, ఆర్చిబిషప్ పేరు డిడాకస్. రెండూ ఒకే పేరైతే, దాన్ని చాటుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరుకుతుందా? పునీతుడి పేరు తనదై ఉండీ ఆ సంగతి దాచుకునే మతగురువును ఊహించడం కష్టం.

డిడాకస్ అంతకన్నా పాతదే. 884లో బుర్గోస్ పట్టణానికి పునాది వేసిన కాస్తీయ ప్రభువు పేరు కూడా డియెగోయే. యాకోబు సమాధి బయటపడిందన్న వార్త పుట్టింది ఆ శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే. అంత కొద్దికాలంలో 'శాంట్ యాగో' విరిగి, మారి, ప్రభువులు తమ బిడ్డలకు పెట్టుకునే పేరుగా స్థిరపడిందంటే నమ్మబుద్ధి కాదు. డిడాకస్ నడుమ ఉన్న డ జారిపోయి స్పానిష్‌లో డియెగో, పోర్చుగీసులో డియోగో మిగిలాయనుకోవడమే తేలిక. పాదానికి లాటిన్ మాట 'పేదెమ్' స్పానిష్‌లో 'పియే' అయింది కూడా ఇలాగే.

జనం పలికే పేరుకు లేఖకులు తొడిగిన లాటిన్ వేషమే డిడాకస్ అని ఎదుటివారి జవాబు. కావచ్చు. అయితే యాకోబస్ అనే సిద్ధమైన వేషం చేతిలో ఉండగా మరొకటి ఎందుకు కుట్టినట్టు?

డిడాకస్ అర్థం మాత్రం తేలలేదు. 'బోధ' అనే గ్రీకు మాటతో ముడిపెట్టేవారున్నారు. శబ్దం కలిసింది కదా అని కట్టిన ముడిలా ఉంది అది. రోమనులకు ముందున్న ఐబీరియా పేరేదో దీని వెనుక ఉందన్న ఊహే కొంత నయం.

మన తెలుగువాళ్లు ఎందరో కాపురముంటున్న కాలిఫోర్నియా నగరం శాన్ డియెగోకు 'సెయింట్ జేమ్స్' (ఇంగ్లిష్‌లో యాకోబు పేరు జేమ్స్) అని అర్థం చెప్పేవారికి కూడా ఇదే జవాబు. 1602లో స్పానిష్ నావికుడు విస్కైనో ఆ రేవుకు తలచి పెట్టిన పేరు స్పెయిన్‌లోని అల్కలాకు చెందిన ఫ్రాన్సిస్కన్ సోదరుడు డియెగోది. 1463లో మరణించిన ఆయనకు 1588లో పునీత పట్టం దక్కింది. చర్చి లాటిన్‌లో ఆయన కూడా డిడాకసే. స్పెయిన్ పంచాంగంలో ఆయన పండుగ నవంబరు 13న వస్తుంది.