అచ్చు ఒకటైతే కాపీ కాదా? రబ్బరు బ్యాండ్ల తగాదా వెనక కథ

చేతిపనుల సామాన్లు అమ్మే ఆన్‌లైన్ అంగళ్లలో పాత గొడవ మళ్లీ రాజుకుంది. మా వస్తువును మక్కీకి మక్కీ దించేశారని ఒకరంటే, ఇది కాపీ కాదు, వట్టి పోటీ అని ఇంకొకరు. ఈ తగాదా ఎక్కడ ముడిపడిందో తెలియాలంటే రెయిన్‌బో లూమ్ సంగతి చూడాలి. రంగు రబ్బరు బ్యాండ్లను పిన్నులకు తగిలించి గొలుసులుగా అల్లుకునే బుల్లి మగ్గం ఇది. దాని పుట్టుక చాలామందికి తెలిసిందే. మలేషియా నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన చియాంగ్ చూన్ ఇంగ్ అనే ఇంజినీరు 2010లో కూతుళ్లతో పాటు రబ్బరు బ్యాండ్లు అల్లబోయాడు. వేళ్లు లావై కుదరక, చెక్కముక్కకు పిన్నులు గుచ్చి పరికరం తయారు చేసుకున్నాడు. ఆ ముచ్చట వదిలేద్దాం. ఇప్పటి గొడవకు పనికొచ్చేది 2019లో వచ్చిన ఒక తీర్పు.

ఇంగ్ స్థాపించిన చూన్స్ డిజైన్ సంస్థ, ఐడియావిలేజ్ అనే కంపెనీ మీద కేసు వేసింది. ఆ కంపెనీ కూడా రబ్బరు బ్యాండ్లు అల్లే చిన్న పరికరం అమ్మేది. కేసు చివరికి అమెరికాలో పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు దాకా వెళ్లింది. పేటెంట్ పత్రంలో రాసుకున్న పరికరంలో కింద ఒక ఆధారం, దాని మీద నిలిచే పిన్నులు వేర్వేరు భాగాలుగా ఉన్నాయి. ఐడియావిలేజ్ వస్తువు మాత్రం పిన్నులతో సహా ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ ముక్క. కాబట్టి పేటెంట్ ఉల్లంఘన లేదని కోర్టు తేల్చింది. చేసే పని అదే, వాడే బ్యాండ్లు అవే, చివర్లో చేతికొచ్చే గొలుసూ అదే. అయినా చట్టం కంటికి అది వేరే వస్తువు. తమాషా ఏమిటంటే, చూన్స్ డిజైన్ తానే అమ్మే మాన్‌స్టర్ టెయిల్ అనే బుల్లి లూమ్ కూడా ఒకే ముక్కగా ఉంటుంది. అంటే తన సొంత సరుకునే తన పేటెంట్ కాపాడలేకపోయింది.

పేటెంట్ రాసిన లాయర్లను తప్పుపట్టడం తేలిక. నా ఉద్దేశంలో అసలు దెబ్బ అంతకు చాలా ముందు, 2012 వేసవికీ 2013 జులైకీ మధ్య పడింది. ఇంగ్ కుటుంబం దాచుకున్న 10,000 డాలర్లు పెట్టి అచ్చులు చేయించి, చైనాలో తయారు చేయించింది. మొదట్లో దుకాణాల వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ఎలా వాడాలో చూపిస్తూ ఇంగ్ కూతుళ్లు యూట్యూబ్‌లో వీడియోలు పెట్టారు. 2012 వేసవిలో జార్జియా రాష్ట్రంలోని ఒక బొమ్మల దుకాణం 24 లూమ్‌లు తెప్పించుకుంది. అవి చిటికెలో అయిపోయి, రోజుల వ్యవధిలో అదే దుకాణం నుంచి 10,000 డాలర్ల ఆర్డర్ వచ్చింది. అక్కడి నుంచి వెనక్కి చూసుకునే పని లేకపోయింది. ఏడాది తిరిగేసరికి అమ్ముడైన లూమ్‌లు 10 లక్షలు దాటాయి.

పేటెంట్ మాత్రం 2013 జులై 16 దాకా చేతికి రాలేదు. దరఖాస్తు అప్పటికి ఎప్పటి నుంచో నడుస్తోంది. కానీ డబ్బా మీద ‘పేటెంట్ పెండింగ్’ అని రాసుకున్నంత మాత్రాన ఎవరినీ ఆపలేం. పేటెంట్ మంజూరయ్యాకే కోర్టుకు వెళ్లే వీలు. గిరాకీ పొంగిపొర్లుతున్న ఆ ఏడాదంతా తలుపులు తెరిచే ఉన్నాయన్నమాట. అచ్చు చేయించుకునే స్తోమత ఉన్నవాళ్లంతా దిగిపోయారు. పేటెంట్ వచ్చిన మరుసటి నెలలోనే క్రా-జీ-లూమ్ అమ్మే లారోస్ ఇండస్ట్రీస్ మీద, దాన్ని అరల్లో పెట్టిన బొమ్మల దుకాణాల సంస్థ టాయ్స్ ఆర్ అస్ మీద, ఫన్‌లూమ్ అమ్మే జెనకాన్ మీద ఇంగ్ కేసులు వేశాడు. అప్పటికే కొనేవాళ్ల కళ్లకు పోటీ డబ్బాలు అలవాటైపోయాయి.

మేకుల వరుసల మీద అల్లే చట్రాలు ఏనాటి నుంచో ఉన్నాయనీ, ఇంగ్ కొత్తగా కనిపెట్టినదేమీ లేదనీ అవతలి పక్షం అంటుంది. చట్రాల మాట నిజమే. కానీ అన్నాళ్లూ ఊరుకుని, సరిగ్గా ఇతని వస్తువు అరల్లో ఖాళీ అవుతున్న ఏడాదే అందరికీ అవి ఎందుకు గుర్తొచ్చాయో మాత్రం చెప్పరు.

ఈ వ్యాపారంలో ఇంకో మెలిక ఉంది. లూమ్ ఒక్కసారే కొంటారు, బ్యాండ్లు మళ్లీ మళ్లీ కొంటారు. రంగు రబ్బరు బ్యాండ్ మీద పేటెంట్ ఎవరికీ రాదు. అసలు రాబడి ఉన్నచోటే కంచె లేదు. 2014లో బ్రిటన్‌లో ఒక దశలో అమెజాన్‌లో ఎక్కువగా అమ్ముడవుతున్న మొదటి 30 బొమ్మలూ లూమ్‌లో, వాటికి సంబంధించిన సామాన్లో. అందులో ఎవరి సరుకు ఎంతో కొన్నవాళ్లకు పట్టలేదు. ఇంగ్ కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వాల్‌మార్ట్ కోసం వండర్ లూమ్ అనే ఇంకో రకాన్ని లైసెన్సు మీద తయారు చేయించాడు. పెద్ద అంగళ్ల అరలను కాపీల పరం చేయకుండా తన సరుకే పెట్టించాడు. ఆ పనేదో ముందే చేసి ఉంటే బాగుండేదేమో.

చవక సరుకుతో పిల్లలకు మేలే జరిగిందనేవాళ్లు ఆ ఏడాది ఆగస్టు సంగతి మర్చిపోతుంటారు. బ్యాండ్ల గొలుసుకు వేలాడదీసే చిన్న చిన్న బిళ్లల్ని బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ అస్సే ఆఫీస్ అనే పరీక్షా సంస్థ పరీక్షిస్తే, కొన్నింటి బరువులో దాదాపు సగం థాలేట్లే ఉన్నాయి. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే ఈ రసాయనాలకు పిల్లల వస్తువుల్లో యూరప్ పెట్టిన హద్దు 0.1 శాతం. కొన్ని దుకాణాలు ఆ సరుకును వెనక్కి తీసుకున్నాయి. తయారుచేసిందెవరో డబ్బా మీద లేనప్పుడు ఎవరిని అడగాలి?

ఇప్పటి అమ్మకందార్లు ఇదంతా చూసి తెలివి మీరారు. రెయిన్‌బో లూమ్ అనే పేరు ఎక్కడా వాడరు, కాబట్టి ట్రేడ్‌మార్క్ ఫిర్యాదు నిలవదు. ‘లూమ్ బ్యాండ్ కిట్’ అని రాసి ఊరుకుంటారు. ఇక మిగిలేది పేటెంట్ ఫిర్యాదే. దానికి 2019 తీర్పు అడ్డొస్తుంది. పిన్నులు ఆధారంతో కలిసి ఒకే ముక్కగా ఉన్నాయని ఫొటో చూపిస్తే వాళ్ల వాదన సగం గెలిచినట్టే. విడి భాగాలుగా అమ్మేవాళ్లకు మాత్రం ఆ తీర్పు అక్కరకు రాదు.