బరువు దించాక కండలో జరిగేది

నా దగ్గరో పాత నోట్‌బుక్ ఉంది. బెంచ్ ప్రెస్ రోజున ఎన్ని కిలోలు ఎత్తానో, ఎన్ని రెప్స్ తీశానో అందులో రాసుకునేవాణ్ణి. ఒక పేజీలో వరసగా మూడు వారాల లెక్క ఇలా ఉంది: 80 కిలోలు, 8 సార్లు, 80 కిలోలు, 7 సార్లు, 80 కిలోలు, 5 సార్లు. అంకె పడిపోతుంటే బద్ధకిస్తున్నానేమోనని వారం వారం రెండు సెట్లు (ఆగకుండా వరసగా తీసే రెప్స్ ఒక సెట్) పెంచాను. ఒక్కరోజు కూడా జిమ్ మానలేదు. నాలుగో వారం కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలన్నా ఎడమచేత్తో సాయం పట్టాల్సి వచ్చింది.

కండ పెరగడం అనేది బార్ చేతిలో ఉన్నప్పుడు జరగదు. ఎత్తేటప్పుడు కండరపు పోగుల మీద లాగుడు పడుతుంది. ఆ లాగుడును కణాలు పసిగట్టి కొత్త ప్రోటీన్ తయారీకి కబురు పెడతాయి. జిమ్‌లో మనం చేసేది అంతవరకే. అసలు పని తర్వాత మొదలవుతుంది. 1995లో మెక్‌డూగల్ అనే పరిశోధకుడి బృందం యువకుల చేత బైసెప్స్ కసరత్తు చేయించి దీన్ని కొలిచింది. ప్రోటీన్ తయారీ వేగం నాలుగు గంటలకు 50 శాతం, 24 గంటలకు 109 శాతం పెరిగి, 36 గంటలకల్లా దాదాపు మామూలు స్థాయికి దిగివచ్చింది. కసరత్తుకు కొత్తవాళ్లలో ఈ పెరుగుదల రెండు రోజుల దాకా సాగుతుందని తర్వాత తేలింది. అంటే పని జోరుగా నడిచేది మర్నాడు, మనం కుర్చీలో కూర్చున్నప్పుడో నిద్రపోతున్నప్పుడో. అప్పుడే వెళ్లి అదే కండను మళ్లీ నలగ్గొడితే, తడి ఆరని గోడ మీద ఇంకో వరస ఇటుకలు పేర్చినట్టే.

మితిమీరిన శ్రమ గురించి శాస్త్రం ఏనాడో చెప్పింది. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల్ని చలికి, గాయాలకు, మందులకు, విపరీతమైన కండర శ్రమకు గురిచేసి చూశాడు. కారణం ఏదైనా శరీరం నడిచిన దారి ఒకటే: మొదట ఉలిక్కిపడింది, తర్వాత తట్టుకుంది, బాధ ఆగకపోతే చివరికి కుప్పకూలింది. నా నోట్‌బుక్‌లో 8, 7, 5 అని ఉన్నది ఆ మూడో దశ వైపు నడకే. పైగా కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనాలు కండతో సమానంగా గట్టిపడవు. వాటికి రక్తప్రసారం తక్కువ, అందుకే అవి నిదానంగా సర్దుకుంటాయి. కండ సై అన్నా కీలు మొరాయించడం ఇందుకే.

ఒక వారం మానేస్తే కండ కరిగిపోతుందన్న భయం చాలామందిని వదలదు. ఈ భయాన్ని తీర్చే ప్రయోగం ఒకటుంది. జపాన్‌లో ఒగసవర అనే పరిశోధకుడి బృందం, అంతకుముందు బరువులు ఎత్తని యువకుల్ని రెండు గుంపులు చేసింది. ఒక గుంపు 24 వారాలు ఆపకుండా బెంచ్ ప్రెస్ చేసింది. రెండో గుంపు ఆరు వారాలు చేసి మూడు వారాలు పూర్తిగా మానేస్తూ అదే 24 వారాలు గడిపింది. 2013లో వెలువడిన ఫలితం ప్రకారం ఛాతీ కండ, చేతి కండ, బలం రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగానే పెరిగాయి. రెండో గుంపు చేసిన వర్కౌట్లు మాత్రం నాలుగో వంతు తక్కువ. ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుందని దీన్నిబట్టి చెప్పలేం. కానీ ఒక వారం సెలవుకు కంగారు పడక్కర్లేదని చెప్పడానికి నాకిది చాలు.

నిద్ర విషయంలో మాత్రం నేను రాజీపడను. కొవ్వు తగ్గించుకునే రోజుల్లో మరీనూ. షికాగో విశ్వవిద్యాలయంలో పదిమందికి తక్కువ కేలరీల తిండి పెట్టి, రెండు వారాలు రాత్రికి ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. రెండుసార్లూ వాళ్లు మూడేసి కిలోల దాకా తగ్గారు. తేడా అల్లా తగ్గినది ఏమిటన్నదే. నిండా నిద్రపోయినప్పుడు 1.4 కిలోల కొవ్వు కరిగింది, నిద్ర చాలనప్పుడు 0.6 కిలోలే. మిగతాది కొవ్వు కాని భాగం నుంచి పోయింది. 2010లో వచ్చిన ఈ ఫలితం చదివాక, తెల్లవారుజామున నాలుగింటికి లేచి జిమ్‌కు పరుగెత్తేవాళ్లను చూస్తే ముందుగా రాత్రి ఎన్నింటికి పడుకున్నారని అడగాలనిపిస్తుంది.

అందుకే విశ్రాంతి ఎప్పుడన్నది ఒంటి నిర్ణయానికి వదిలేయకూడదంటాను. భుజం పట్టేశాక తీసుకునే సెలవు విశ్రాంతి కాదు, చికిత్స. సెట్లకు, కిలోలకు లెక్క రాసుకున్నట్టే ఆపడానికీ ముందే తేదీ రాసుకోవాలి. ఇప్పుడు ప్రతి ఆరో వారం నాకు డీలోడ్, అంటే భారం తగ్గించే వారం. సెట్లు సగం, బరువు మూడింట రెండు వంతులు. నిజం చెప్పాలంటే ఆ వారమే మనసును పట్టి ఉంచడం కష్టం. నొప్పి లేదు, ఊపిరి బావుంది, ర్యాక్‌లో ప్లేట్లు పిలుస్తుంటాయి.

మొన్న మూడు సెట్లతో ముగించి టవల్ మడత పెడుతుంటే పక్క బెంచీ కుర్రాడు, “ఏంటన్నా, ఇవాళ ఇంతేనా?” అన్నాడు.

“ఇంతే తమ్ముడూ, ఆరో వారం” అని నోట్‌బుక్ చూపించాను. అందులో 55 కిలోలు, 8 సార్లు, మూడు సెట్లు అని ఉంది. కింద గీత గీసి, రాత్రి పదింటికి నిద్ర అని రాసుకున్నాను.