గుండె దడకు రెండు దారులు

"టెన్షన్‌ను చూసే తీరు మార్చుకుంటే ఆరోగ్యం బాగుంటుందంటారు. ఇదీ తాయెత్తు లాంటిదేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. కాదు. తాయెత్తు రక్తనాళాలను సడలించినట్టు ఎవరూ కొలిచి చూపలేదు. దీన్ని మాత్రం కొలిచారు.

టెన్షన్‌లో గుండె వేగంగా కొట్టుకోవడం అందరూ ఎరిగినదే. అసలు విశేషం నాళాల్లో ఉంది. 'ఇది నా వల్ల కాదు' అనుకుంటే చిన్న ధమనులు బిగుసుకుంటాయి. 'కష్టమే, అయినా చేయగలను' అనుకుంటే సడలుతాయి. దడ మాత్రం రెండు చోట్లా ఉంటుంది. మొక్కలకు నీళ్లు పట్టే గొట్టం మూతిని వేలితో నొక్కి చూడండి. మోటారు ఆగదు, గొట్టం ఉబ్బుతుంది, బయటికొచ్చే నీళ్లు తగ్గుతాయి. వేలు తీస్తే అదే మోటారు ధారాళంగా పోస్తుంది. వేలు కాస్త జరిగినా చాలు: నాళం వ్యాసార్థం 10 శాతం తగ్గితే నిరోధం, అంటే రక్త ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు, దాదాపు 52 శాతం పెరుగుతుంది, సగమైతే ఏకంగా 16 రెట్లవుతుంది. ఎందుకంటే నిరోధం వ్యాసార్థపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. ఆ వేలు పని చేసేది హార్మోన్లే. నోరడ్రినలిన్ ఆల్ఫా-1 గ్రాహకాల (కణాలపై హార్మోన్లు అతుక్కునే చోట్లు) ద్వారా నాళాన్ని బిగిస్తుంది. అడ్రినలిన్ కండరాల నాళాల్లోని బీటా-2 గ్రాహకాల ద్వారా దాన్ని విప్పుతుంది.

2012లో మనస్తత్వవేత్త జెరెమీ జేమీసన్ బృందం కొందరికి ముందుగా ఒక్క మాట చెప్పింది: ఈ దడ మీకు సాయపడేదే. తర్వాత వాళ్లను ముఖం చిట్లించుకుని కూర్చున్న పరీక్షకుల ముందు మాట్లాడించారు, లెక్కలు చేయించారు. ఆ మాట విననివాళ్లతో పోలిస్తే వీళ్ల నాళాల నిరోధం తక్కువ, గుండె పనితీరు మెరుగు! అందుకే పరీక్ష హాలు బయట "టెన్షన్ పడకు" అనే టీచర్లను చూస్తే నాకు బాధేస్తుంది. వచ్చే దడను పిల్లలు ఆపలేరు. పైగా దడ వచ్చినందుకు కూడా భయపడతారు. "గుండె నీకోసమే పరుగెడుతోంది" అని చెప్పొచ్చుగా!

ఆయుష్షు సంగతి ఇంత సూటిగా తేలలేదు. 1998లో అమెరికాలో సర్వేకు జవాబిచ్చిన సుమారు 28 వేల మందిలో 2006 వరకు ఎవరు చనిపోయారో పరిశోధకులు చూశారు. ఒత్తిడి ఎక్కువగా ఉండి, అది తమ ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీస్తోందని నమ్మినవాళ్లకు అకాల మరణం ముప్పు 43 శాతం ఎక్కువ. అయితే అప్పటికే ఒంట్లో బాగోలేనివాళ్లే అలా నమ్మి ఉండొచ్చు. పైగా జేమీసన్ ప్రయోగం నిమిషాల పాటు ఉండే ఒత్తిడి గురించి. నెలల తరబడి నిద్ర చెడగొట్టే ఉద్యోగాన్నో, అప్పునో ఆ ప్రయోగం పరీక్షించలేదు.