గోడ పుణ్యమా, చేతి బలమా?

అమెరికా బేస్‌బాల్‌లో గావీ క్రావత్ పేరు ఎత్తితే చాలు, పాత వాదన మళ్లీ లేస్తుంది. అక్కడి రెండు పెద్ద లీగ్‌లలో ఒకటైన నేషనల్ లీగ్‌లో హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్లలా, సాధారణంగా బంతిని గోడ దాటించే దెబ్బలు) కొట్టడంలో ఆరుసార్లు ముందు నిలిచినవాడికి, మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇప్పటికీ చోటు లేదు. అదంతా గోడ పుణ్యమేనని కొట్టిపారేసేవాళ్లు చాలామంది.

గోడ సంగతి నిజమే. ఆయన ఆడిన ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టు సొంత మైదానం బేకర్ బౌల్‌లో కుడివైపు గోడ సుమారు 280 అడుగుల దూరంలో ఉండేది. అంటే 85 మీటర్లు. క్రికెట్‌కి అది పెద్ద బౌండరీ, బేస్‌బాల్‌కి మాత్రం చాలా దగ్గర. 1914లో ఆయన కొట్టిన 19 హోమ్ రన్లూ ఆ మైదానంలోనే పడ్డాయి.

అయితే క్రావత్ కుడిచేతి బ్యాటర్. కుడిచేతివాళ్లు గట్టిగా లాగి కొడితే బంతి ఎడమవైపు పోతుంది. కుడి గోడ దాటించాలంటే బంతిని ఒక్క క్షణం ఎక్కువ రానిచ్చి, బలం తగ్గకుండా అటువైపు పంపాలి. ఆ పని ఆయనకు మినియాపోలిస్‌లో మైనర్ లీగ్ (పెద్ద లీగ్‌ల కింది స్థాయి పోటీ) ఆడిన రోజుల్లో అలవాటైంది. అక్కడా కుడి గోడ దగ్గరే. 1911లో అక్కడ 29 హోమ్ రన్లు కొట్టాడు. అసలు బేకర్ బౌల్ గోడ ప్రత్యర్థులకీ అంతే దూరంలో ఉంది కదా! ఆ రోజుల్లో వాళ్లెవరూ ఆరుసార్లు ముందు నిలవలేదు.

పైగా అవి బంతి ఎగరని రోజులు. నల్లబడి, మెత్తబడినా అదే బంతితో ఆట సాగేది. పిచర్లు దానికి ఉమ్మి రాసి విసిరేవారు, 1920లో గానీ దానిపై నిషేధం రాలేదు. అలాంటి బంతితో 1915లో ఆయన 24 కొట్టాడు. ఇరవయ్యో శతాబ్దంలో అప్పటికి అదే అత్యధికం. ఆ ఏడాది ఫిలీస్ మొదటిసారి వరల్డ్ సిరీస్‌కి, అంటే రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే తుది పోరుకి, వెళ్లింది.

నా దృష్టిలో క్రావత్‌కి అసలు దెబ్బ వయసు దగ్గర తగిలింది. 1908లో బాస్టన్ తరఫున మొదటిసారి పెద్ద లీగ్‌లో ఆడేసరికే 27 ఏళ్లు. మరుసటి ఏడాది షికాగో, వాషింగ్టన్ జట్లు తిరిగి మళ్లీ మైనర్ లీగ్‌కి వెళ్లిపోయాడు. ఫిలీస్‌లో కుదురుకునేసరికి 31. మైనర్ లీగ్‌లో కొట్టినవి పెద్ద లీగ్ లెక్కలోకి రావు కాబట్టి, మొత్తం 119 దగ్గర ఆగిపోయింది.

1919లో, 38 ఏళ్ల వయసులో, సీజన్ మధ్యలో జట్టు మేనేజర్ బాధ్యత కూడా మీద పడింది. అయినా 83 మ్యాచ్‌లే ఆడి, 12 హోమ్ రన్లతో మళ్లీ నేషనల్ లీగ్‌లో మొదటివాడయ్యాడు. రెండో పెద్ద లీగ్ అయిన అమెరికన్ లీగ్‌లో బాస్టన్ కుర్రాడు బేబ్ రూత్ 29 కొట్టి ఆయన 24ను దాటేసింది కూడా ఆ సీజన్‌లోనే.