కొత్తవలస: రైలు మారే ఊరు, ఇల్లు కట్టుకునే ఊరు

పొద్దున్న ఏడున్నర వేళ విజయనగరం జిల్లా కొత్తవలస స్టేషన్‌కి వెళ్లి నిలబడితే ఈ ఊరి సంగతి సగం అక్కడే తెలుస్తుంది. విశాఖపట్నం వెళ్లే పాసింజరు కోసం జనం ప్లాట్‌ఫారం నిండా ఉంటారు. క్యారేజీ సంచులు తగిలించుకున్న కూలీలు, బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు, కాలేజీ పిల్లలు, విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో చూపించుకోడానికి బయల్దేరిన ముసలివాళ్లు, వాళ్ల మధ్య కూరగాయల గంపలు. ఈలోపు ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు ఒకటి కొండల వైపు నుంచి దిగొస్తుంది. వ్యాగన్లు లెక్కపెడుతున్న చిన్నపిల్లాడు మధ్యలో ఎక్కడో తప్పి, వాళ్లమ్మ చెయ్యి గుంజి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. బండి వెళ్లిపోయాక పట్టాల మధ్య కంకర మీద ఎర్రటి పొడి కనిపిస్తుంది.

రెండు బళ్లూ విశాఖకే పోతాయి. ఒకటి ఖనిజాన్ని తీసుకెళ్తుంది, ఇంకొకటి మనుషుల్ని. ఇటువైపు వచ్చి దిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లు స్థలం చూసుకోడానికి వస్తారు, కొన్నాళ్లకి సామాన్లతో వస్తారు. ఈ మూడు ప్రయాణాల వెనకా ఒక కథ ఉంది. ఆ కథ తెలిస్తే ఇవాళ కొత్తవలసలో నీళ్లకీ కాలవలకీ రోడ్లకీ ఎందుకింత అవస్థో అర్థమవుతుంది.

ముందు పేరు సంగతి. మన ఉత్తరాంధ్రలో చివర 'వలస' అని ఉన్న ఊళ్లు లెక్కలేనన్ని. తగరపువలస, చిట్టివలస, చింతలవలస, నాతవలస. ఒకప్పుడు ఎక్కడినుంచో వచ్చి దిగినవాళ్లు అని ఆ పేర్లే చెబుతాయి. ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వలస అనగానే ఇంటికి తాళం వేసి హైదరాబాదుకో చెన్నైకో పనికి పోవడమే గుర్తొస్తుంది. ఆ రెండు జిల్లాల్లో జనం పోవడం కన్నా వచ్చి చేరడం ఎక్కువగా కనిపించే కొద్ది ఊళ్లలో కొత్తవలస ఒకటి. నాకు ఈ ఊరి మీద మమకారం ఉండడానికి అదీ ఒక కారణం.

ఇక్కడికి రైలు ముందొచ్చింది, పట్నం తర్వాతొచ్చింది. ఈస్ట్ కోస్ట్ రైల్వే పేరుతో 1893 నుంచి 1896 దాకా తీరం వెంబడి లైను వేసినప్పుడు అది ఈ పల్లెల మధ్య నుంచే వెళ్లింది. అప్పట్లో చుట్టుపక్కల భూములు జమీందారీ ఎస్టేట్ల కింద ఉండేవి. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక అవి రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీలోకి మారాయి. మెట్ట మీద మామిడి, జీడి, పల్లంలో చెరువు కింద వరి, గట్టు మీద తాటిచెట్లు. జంక్షన్ అయ్యేదాకా ఇది అలాంటి ఊరే.

ఈ ఊరిని జంక్షన్ని చేసింది బైలదిల్లా కొండ. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్ అడవుల్లోని ఆ ఇనుప ఖనిజాన్ని కొనడానికి 1960లో జపాన్‌తో ఒప్పందం కుదిరింది. ఖనిజం విశాఖ ఓడరేవుకి చేరాలంటే తూర్పు కనుమలు దాటాలి. అలా దండకారణ్యం రైల్వే ప్రాజెక్టులో భాగంగా కొత్తవలస నుంచి కిరండూల్‌ దాకా దాదాపు 445 కిలోమీటర్ల లైను వేశారు. 1960ల చివరికి ఆ లైను మీద ఖనిజం దిగడం మొదలయ్యింది. 58 సొరంగాలు ఉన్న లైను అది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషన్ దాకా ఎక్కి మళ్లీ దిగుతుంది. జనం దాన్ని కేకే లైన్ అంటారు. మొదటి కే మన కొత్తవలసే.

అరకు వెళ్లేవాళ్లకి ఆ లైను కిటికీలోంచి చూసే అందం. ఊళ్లోవాళ్లకి అది బతుకుతెరువు. గ్యాంగ్‌మన్ ఉద్యోగాలు, రైల్వే క్వార్టర్లు, వచ్చేపోయేవాళ్ల కోసం హోటళ్లు, కిరాణా కొట్లు వచ్చాయి. లక్కవరపుకోట, శృంగవరపుకోట (ఎస్.కోట) వైపు పల్లెలకి ఇదే బజారయ్యింది. తర్వాత ఉక్కులో కలిపే మిశ్రమ లోహాలు తయారుచేసే ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలు వచ్చాయి. కరెంటు చార్జీలు పెరిగినప్పుడల్లా అవి ఆగడం, తగ్గితే నడవడం, ఆగినన్నాళ్లూ కార్మికుల ఇళ్లలో టెన్షన్. ఫ్యాక్టరీలు ఊరిని కొంత పెంచాయి గానీ దాని రూపం మార్చింది మాత్రం విశాఖే.

విశాఖ పెరగడానికి దిక్కులు తక్కువ. తూర్పున సముద్రం. మధ్యలో సింహాచలం కొండలు, యారాడ కొండ. దక్షిణాన ఓడరేవు, నేవీ స్థలాలు, స్టీల్ ప్లాంట్. మిగిలినవి మూడే దారులు: గాజువాక మీదుగా అనకాపల్లి వైపు, మధురవాడ మీదుగా భోగాపురం వైపు, గోపాలపట్నం, పెందుర్తి మీదుగా కొత్తవలస వైపు. 2005లో గాజువాకనీ చుట్టుపక్కల గ్రామాలనీ కలుపుకుని గ్రేటర్ విశాఖ ఏర్పడ్డాక పెందుర్తి కూడా నగరమైపోయింది. నగరం అక్కడ ఆగదు కదా. పెందుర్తి దాటితే వచ్చేది కొత్తవలసే. రైల్లో విశాఖకి ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. పెందుర్తిలో రేటు అందనివాళ్లు ఇక్కడ చూసుకున్నారు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఒకసారి, విశాఖ పరిపాలన రాజధాని అన్న మాట వచ్చాక ఇంకోసారి బ్రోకర్ల ఫోన్లు ఆగలేదు.

ఈ మార్పు నాకు ఒక మాటలో తెలిసింది. మా చిన్నప్పుడు ఇక్కడ భూమి గురించి మాట్లాడితే ఎకరాలూ సెంట్లూ వినిపించేవి. చెరువు కిందా మెట్టా అని అడిగేవారు, సొంత హక్కున్న జిరాయితీయా, సర్కారు ఇచ్చిన డీ-పట్టానా అని అడిగేవారు. ఇప్పుడు గజాలు. ఏ ముఖం, ఎన్ని అడుగుల రోడ్డు, వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవ్డా కాదా. వ్యవసాయ భూమిని ఇంకో అవసరానికి మార్చుకోడానికి 2006లో చట్టం వచ్చింది. 'నాలా కట్టేశాం', అంటే ఆ మార్పిడి ఫీజు కట్టేశాం అన్న మాట టీ కొట్టు దగ్గర కూడా వినిపించింది అప్పటినుంచే.

ఎస్.కోట రోడ్డు పక్కన ఒక లేఅవుట్ ఉంది. పేరు చెప్పను, అలాంటివి చాలా ఉన్నాయి. ముందు పెద్ద ఆర్చి, లోపల ఎర్రమట్టి రోడ్లు, వరసగా పాతిన రాళ్ల మీద పసుపు రంగు, ప్లాటు నంబర్లు. ఒక మూల మూడు తాటిచెట్లు వదిలేశారు. వాటి కింద ఒకప్పటి మదుము (తూము) తాలూకు రాతికట్టు ఇంకా ఉంది, ఇటు కాలవ లేదు, అటు పొలం లేదు. ప్లాట్ల మధ్య గడ్డిలో మేకలు మేస్తున్నాయి. కాపరిని అడిగితే "ఇది మా నాన్న కౌలుకి చేసిన భూమే బాబూ, అమ్మినోళ్లు వేరు" అన్నాడు. భూమి అమ్మినవాళ్లకి డబ్బొచ్చింది. కొందరు పిల్లల్ని చదివించుకున్నారు, కొందరు ఇల్లు కట్టారు, కొందరి దగ్గర నిలవలేదు. కౌలుకి చేసినవాళ్లకీ నాట్లకీ కోతలకీ వెళ్లినవాళ్లకీ ఆ గజాల లెక్కలో ఏ వాటా లేదు. రేట్లు పెరిగాయని ఊరంతా సంబరపడ్డట్టు రాసే రాతలు చూసినప్పుడు నాకు ఆ మేకల కాపరే గుర్తొస్తాడు.

ఇంకో సంగతి, ఇది ఇళ్లు కొనుక్కున్నవాళ్లది. ఇక్కడి చెరువులు ఒకదాని మిగులు నీరు ఇంకోదానికి చేరేలా గెడ్డలతో (వాగులతో), పొలం కాలవలతో ముడిపడి ఉన్నవి. పల్లం పూడ్చి ప్లాట్లు చేస్తే వానాకాలం నీళ్లు వాటి దారి వెతుక్కుంటాయి. ఆ దారిలో ఎవరి గుమ్మముంటే వాళ్లింట్లోకి వస్తాయి. నిబంధన ప్రకారం లేఅవుట్ వేసినవాళ్లు రోడ్లూ కాలవలూ వేయాలి, పది శాతం స్థలం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. అప్రూవల్ ఉన్నచోట అది జరుగుతుంది. అప్రూవల్ లేకుండా రాళ్లు పాతి అమ్మేసినచోట ఏదీ ఉండదు. ప్రభుత్వాలు మళ్లీ మళ్లీ క్రమబద్ధీకరణ పథకాలు తెచ్చి ఫీజు కట్టించుకున్నాయి. ఫీజు కడితే ప్లాటుకి చట్టం దొరుకుతుంది, పూడిపోయిన గెడ్డ తిరిగి రాదు. నా మట్టుకు నేను ఆ పథకాలతో మేలు కన్నా చెడే ఎక్కువ జరిగిందనుకుంటాను.

తాగునీటి సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. విజయనగరం జిల్లాలోనే, గోస్తనీ నది మీద, గంట్యాడ మండలంలో తాటిపూడి రిజర్వాయర్ ఉంది. ఆ నీళ్లు విశాఖ నగరానికి తాగడానికి వెళ్తాయి. పెద్ద నగరానికి నీళ్లు కావాలి, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఆ నగరం జనాన్నే తన పంచలో పెట్టుకుంటున్న కొత్తవలస కొత్త వీధుల్లో చాలా ఇళ్లు బోరు మీదా ట్యాంకరు మీదా నడుస్తున్నాయి.

ఇదంతా ఎవరు చూడాలి? చిక్కు అక్కడే ఉంది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు శృంగవరపుకోట తాలూకా విశాఖ జిల్లా నుంచి విడివడి ఇటు కలిసింది. దాంతో కలెక్టరు విజయనగరంలో. లేఅవుట్ అనుమతి వుడాది, 2018 నుంచి దాని స్థానంలో వచ్చిన వీఎంఆర్‌డీఏది, ఆఫీసు విశాఖలో. అసెంబ్లీకి శృంగవరపుకోట నియోజకవర్గం, పార్లమెంటుకి విశాఖ. 2022 ఏప్రిల్‌లో లోక్‌సభ నియోజకవర్గాల ప్రకారం జిల్లాలు విభజించినా ఎస్.కోట ప్రాంతాన్ని విజయనగరంలోనే ఉంచారు. ఉంచడం తప్పని నేననను. అయితే ఒక వీధిలో కాలవ పొంగితే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక నష్టపోయేది మామూలు మనిషి.

రైల్వేలోనూ ఇదే జరిగింది. దక్షిణ కోస్తా జోన్ ఏర్పాటులో భాగంగా విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు డివిజన్‌ని రెండుగా చేస్తూ 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ నిర్ణయం తీసుకుంది. ఒక భాగం విశాఖపట్నం డివిజన్. కొత్తవలస నుంచి కొండలెక్కే లైను మాత్రం తూర్పు కోస్తా రైల్వే కింద కొత్త రాయగడ డివిజన్‌కి వెళ్లింది. ఖనిజం రవాణాతో బాగా ఆదాయం వచ్చే లైను అది. ఊరి పేరుతో మొదలయ్యే లైను ఊరు దాటగానే ఇంకొక డివిజన్‌దైపోయింది. ఉత్తరాంధ్రలో ఆ నిర్ణయం మీద వచ్చిన కోపం న్యాయమైనదే.

రోజూ తిరిగేవాళ్లకి డివిజన్ల కన్నా టికెట్టు ముఖ్యం. 2020 మార్చిలో కరోనాకి పాసింజర్లు ఆగిపోయాయి. తిరిగొచ్చినప్పుడు వాటికి ఎక్స్‌ప్రెస్ పేరు పెట్టి పది రూపాయల కనీస టికెట్టుని ముప్పై చేశారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పాత రేటు వచ్చింది. నెలకి పాతిక రోజులు పనికి పోయే మనిషికి మధ్యలోని ఆ కాలం ఎంత బరువో లెక్కేసుకోవచ్చు. 2023 అక్టోబరు 29 రాత్రి, ఈ మండలంలోని కంటకాపల్లి దాటాక అలమండ వైపు, ముందు నెమ్మదిగా పోతున్న పలాస పాసింజరుని వెనక నుంచి రాయగడ పాసింజరు ఢీకొట్టింది. 14 మంది పోయారు. ఈ లైను మీద ఊళ్లన్నీ ఆ రాత్రి ఫోన్లు చేస్తూనే ఉన్నాయి. మా వాళ్లెవరూ ఆ బళ్లలో లేరని తెలిసేదాకా మేమూ నిద్రపోలేదు.

ఇప్పుడు రోడ్డు వంతు. రాయపూర్ నుంచి విశాఖకి 464 కిలోమీటర్ల ఆరు వరసల కొత్త రహదారి కంటకాపల్లి మీదుగా సబ్బవరం వెళ్తుంది. ఆంధ్ర భాగానికి 2022 నవంబరు 12న విశాఖలో శంకుస్థాపన చేశారు. దాని పక్కన రాళ్లు పాతడం అప్పుడే మొదలయ్యింది.

2011 జనాభా లెక్కల్లో కొత్తవలసని సెన్సస్ టౌన్‌గా రాశారు. అయిదు వేల జనం దాటి, మగవాళ్లలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండి, చదరపు కిలోమీటరుకి నాలుగు వందల మందికి తగ్గకుండా ఉంటే లెక్కల్లో అది పట్నం. పాలనలో మాత్రం పంచాయతీగానే నడిచింది. పట్నం పన్ను రాదు, పట్నం సిబ్బంది ఉండరు, పట్నం చెత్త మాత్రం ఉంటుంది. పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంట్లు పంచడానికీ ఆ 2011 జనాభానే ప్రధానంగా తీసుకున్నారు. 2021లో జరగాల్సిన లెక్క జరగలేదు. ఇప్పుడు 2027 మార్చి 1 నాటికి ఎంతమంది ఉన్నారో లెక్కించబోతున్నారు. ఆ లెక్కల కోసం ఎన్యుమరేటర్ ఆ ఆర్చి దాటి ఎర్రమట్టి రోడ్డు మీద నడిచి వెళ్తే, 2011లో వరి పండిన చోట ఇంటి తలుపు కొట్టి, "ఎంతమంది ఉంటారమ్మా, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?" అని అడగాల్సి ఉంటుంది.